ముక్కనుమ నాటి బ్యాంక్ నిఫ్టీ

ఈ గాథలో కుర్రాడికి పేరు పెట్టడం లేదు. ఫలానా ఇంటివాడని వేలెత్తి చూపించే మనిషి కాదతను, షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ లెక్కల కాగితాల్లోంచి నేను కూడగట్టుకున్నవాడు. 2024 సెప్టెంబరు 23న ఆ సంస్థ ఒక నివేదిక బయటపెట్టింది. 2023-24లో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 43 శాతం మంది 30 ఏళ్ళ లోపువాళ్ళు. నూటికి 75 మందికి పైగా తమ ఏడాది సంపాదన 5 లక్షల లోపేనని రాసిచ్చినవాళ్ళు. 72 శాతానికి పైగా దేశంలోని 30 పెద్ద నగరాలకు అవతలివాళ్ళు. వయసు, సంపాదన, ఊరు ఈ మూడూ కలిసే మనిషి కోసం బొంబాయి వెళ్ళక్కర్లేదు. అందుకే అతన్ని ఆత్రేయపురంలో, లొల్ల లాకులకు దగ్గర్లో, ఒక పెంకుటింటి అరుగు మీద కూర్చోబెడుతున్నాను. ఆ ఇల్లు, ఆ ఇంటి మాటలు, ఆ ఇంటి అప్పులు నా కల్పన. మిగిలిన అంకెలు, తేదీలు, బయటి పేర్లు జరిగినవే.

వాళ్ళమ్మ పూతరేకులు తీస్తుంది. వీధి వైపు చావిట్లో బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, నీళ్ళలా పల్చగా కలిపిన పిండిలో గుడ్డ ముంచుతుంది. రెండు చేతులా అంచులు పట్టుకుని కుండ మీదుగా ఒక్క లాగు లాగుతుంది. కన్ను మూసి తెరిచేలోగా పొర ఆరి, అంచు పైకి లేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే ఊడి రాదు. ఆ మంట ఎంతుండాలో ఆమె చేతికే తెలుసు. 2023లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకు తీసే చేతికి కూలి మాత్రం వందల లెక్కనే. నాన్నకి కాస్త సొంత భూమి, ఇంకాస్త కౌలు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు కుర్రాడు తొమ్మిదో తరగతి. వరి వేస్తే మిగిలేది అప్పేనని ఊళ్ళకు ఊళ్ళే నాట్లు మానేసిన ఏడది. పొలం మనకి అన్నం పెట్టదని నాన్న నోట విన్న పిల్లాడు ఆ మాట మరిచిపోతాడా? బీటెక్ చదివాడు. రాజమండ్రిలో చిన్న ఉద్యోగంలో చేరాడు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఇంటికి చేరాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇతను పేకాట ఆడడు. సంక్రాంతికి ఊరంతా కోడి పందేల బరుల చుట్టూ మూగినా అటు వెళ్ళడు. "మా వోడికి ఏ అలవాటూ లేదండీ" అని వాళ్ళమ్మ నలుగురిలో చెప్పుకునే కొడుకు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. జూదరి అయితే ఇంట్లోవాళ్ళు కనిపెట్టేవారు. ఇతను పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు నోట్‌బుక్కూ పెన్నూ పెట్టుకుని కూర్చునేవాడు. చదువుకుంటున్నట్టే ఉండేది.

2020 మార్చిలో కుప్పకూలిన మార్కెట్ ఆ తర్వాత ఏడాదిన్నర పాటు దాదాపు ఆగకుండా పెరిగింది. ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే డీమ్యాట్ ఖాతా తెరుచుకోవచ్చు. ఆ రోజుల్లో ఏది కొన్నా పైకే వెళ్ళింది. మొదటి నెలలో వచ్చిన లాభంతో అమ్మకి చీర కొన్నాడు. పొద్దున్న కొని సాయంత్రంలోగా అమ్మేయడం అలవాటైంది. 2022-23లో అలా షేర్లలో ఇంట్రాడే చేసినవాళ్ళలో నూటికి 71 మందికి నష్టమే మిగిలిందని సెబీ తర్వాత లెక్క తేల్చింది. 30 ఏళ్ళ లోపువాళ్ళలో అది 76. ఏడాదికి 500 సార్లకు మించి ట్రేడ్ చేసినవాళ్ళలో 80. అంటే చెయ్యి ఎంత ఆడితే డబ్బు అంత పోయింది. ఎక్కువ సాధన చేస్తే ఎక్కువ వస్తుందని బడిలో నేర్చుకున్న పిల్లలకి ఈ లెక్క ఎవరు చెప్పాలి?

అతని ఆశ కూడా పెద్దది కాదు. "రోజుకి వెయ్యి చాలమ్మా. నెలకి ఇరవై వేలు. నువ్వీ పొగలో కూర్చోనక్కర్లేదు" అన్నాడు. ట్రేడింగ్‌లోకి వచ్చిన మన పల్లెటూరి కుర్రాళ్ళు చాలామంది అడిగేది ఇంతే. రోజుకి వెయ్యి అంటే ఏడాదికి రెండున్నర లక్షలు. సెబీ 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళ ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్) లెక్కలు తీస్తే, ఖర్చులు పోను లక్ష రూపాయలు దాటి లాభం చూసినవాళ్ళు నూటికి ఒక్కరు. కోటి మందికి పైగా దిగిన ఆటలో 93 శాతం మందికి నష్టం. సగటున తలకి 2 లక్షలు. అందరిదీ కలిపి మూడేళ్ళలో 1.8 లక్షల కోట్ల పైమాట. మన దేశంలోనే ఇలా జరిగిందనుకోకండి. బ్రెజిల్‌లో 2013-15 మధ్య డే ట్రేడింగ్ మొదలుపెట్టి, 300 రోజులకు పైగా పట్టు వదలకుండా చేసినవాళ్ళ ఖాతాలను అక్కడి ఆర్థికవేత్తలు పరిశీలించారు. 97 శాతం మంది నష్టపోయారు. ఆ దేశపు కనీస వేతనం కంటే ఎక్కువ సంపాదించినవాళ్ళు 1.1 శాతం. బ్యాంకులో కొత్తగా చేరిన క్యాషియర్ జీతం కంటే ఎక్కువ తెచ్చుకున్నది 0.5 శాతం. తైవాన్‌లో ఏళ్ళ తరబడి లెక్కలు చూసిన పరిశోధకులకు కూడా నిలకడగా లాభం తీయగలిగినవాళ్ళు ఒక శాతం లోపే కనిపించారు.

ఇంట్లో ఒక్క పెదనాన్న మాత్రం వద్దన్నాడు. ఆయనకి షేర్లంటే కార్వీ గుర్తొస్తుంది. హైదరాబాదులో పుట్టి మన జిల్లా పట్టణాల దాకా పాకిన ఆ సంస్థను తెలుగువాళ్ళు మన కంపెనీ అని నమ్మారు. షేర్ల దరఖాస్తు ఫారాల నుంచి డీమ్యాట్ ఖాతా దాకా అంతా వాళ్ళ దగ్గరే. 2019 నవంబరు 22న సెబీ ఆ బ్రోకింగ్ సంస్థను కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆపేసింది. 95 వేల మందికి పైగా ఖాతాదారుల షేర్లను, సుమారు 2,300 కోట్ల రూపాయల విలువైనవి, వాళ్ళకి తెలియకుండా తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకున్నారని తేలింది. అధిపతి పార్థసారథిని 2021 ఆగస్టులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. 2023లో సెబీ ఆయన్నీ సంస్థనీ ఏడేళ్ళు మార్కెట్ గడప తొక్కకుండా నిషేధించింది. పెదనాన్న షేర్లు తర్వాత తిరిగొచ్చాయి గానీ ఆయన నమ్మకం తిరిగి రాలేదు. "ఆ కాగితాల్లో మనవేవీ మనవి కావురా" అనేవాడు. "అది బ్రోకర్ మోసం పెదనాన్నా, ఇది నా తెలివి" అని కుర్రాడి సమాధానం.

తెలివి నేర్పేవాళ్ళూ దొరికారు. యూట్యూబ్‌లో లాభాల స్క్రీన్‌షాట్లు, టెలిగ్రామ్‌లో ఏది కొనాలో చెప్పే కాల్స్, వేలకు వేలు ఫీజు కట్టించుకునే కోర్సులు. బాప్ ఆఫ్ చార్ట్ పేరుతో పాఠాలు చెప్పిన మొహమ్మద్ నసీరుద్దీన్ అన్సారీ మీద సెబీ 2023 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. జనం దగ్గర ఫీజుల రూపంలో పోగేసిన 17.2 కోట్లు జమ చేయమంది. ఆ ఉత్తర్వులో ఇంకో అంకె ఉంది. 2021 జనవరి నుంచి 2023 జూలై వరకు అన్సారీ సొంత ట్రేడింగ్‌లో పోగొట్టుకున్నది 2.89 కోట్లు. గురువుకే రాని లాభం కోసం శిష్యులు అప్పు చేసి ఫీజు కట్టారు. ఇలాంటి గురువులు తరచూ చదవమనే పుస్తకం ఒకటుంది, 1923లో వచ్చిన 'రెమినిసెన్సెస్ ఆఫ్ ఎ స్టాక్ ఆపరేటర్'. జెస్సీ లివర్‌మోర్ జీవితం ఆధారంగా రాసింది. 1929 పతనంలో కోట్ల డాలర్లు తీసిన ఆ మహా ట్రేడర్ 1934లో దివాలా తీశాడు. పుస్తకం అప్పటికే ముగిసిపోయింది కాబట్టి ఆ సంగతి అందులో లేదు.

కుర్రాడు ఆప్షన్లలోకి దిగాడు. షేర్లలో రోజుకి వెయ్యి చూడాలంటే లక్షలు పెట్టాలి, అప్పట్లో ఆప్షన్‌కి మూడు వేలు చాలేవి. బ్యాంకు షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్ల లాట్, అంటే ఒక కట్ట, అప్పట్లో 15. ఒక్కోదాని ధర, అంటే ప్రీమియం, 200 ఉంటే లాట్ ధర 3,000. కొనడానికి ఆర్డరుకి 20 రూపాయలు, అమ్మడానికి 20. దాని మీద ఎక్స్ఛేంజ్ చార్జీ, లావాదేవీల పన్ను ఎస్టీటీ, జీఎస్టీ. కొన్న ధరకే అమ్మినా జేబులోంచి యాభై రూపాయల పైచిలుకు పోతుంది. అంటే ప్రీమియం మూడున్నర పాయింట్లు పెరిగితే గానీ పెట్టుబడి ఒడ్డుకి చేరదు. రోజుకి ఐదుసార్లు కొని అమ్మితే 260 రూపాయలు. నెలకి 5 వేలు దాటుతుంది. ఏడాదికి అరవై వేలు. ఒక్క లాట్‌తో ఆడే కుర్రాడు కట్టే సుంకం ఇది, గెలిచినా ఓడినా. పొద్దున్న 200 ఉన్న ప్రీమియం సూచీ కదలకపోయినా గంట గంటకీ తరుగుతుంది. గడువు ముగిసే ఎక్స్‌పైరీ రోజయితే మూడున్నరకల్లా సున్నా కావచ్చు. దిశ సరిగ్గా ఊహిస్తే చాలదు, ఎప్పుడు కదులుతుందో, ఎంత కదులుతుందో కూడా పట్టుకోవాలి. ఈ మూడూ రోజూ పట్టుకోగలిగేవాళ్ళు ఉంటారేమో గానీ కోటి మంది ఉండరు.

2023 జూలై నుంచి యాప్ తెరిస్తే హెచ్చరిక కనిపించడం మొదలైంది. ఎఫ్ అండ్ ఓలో ప్రతి 10 మంది వ్యక్తుల్లో 9 మంది నష్టపోయారు అని. కింద ఒక బటన్. అర్థమైందని నొక్కితే లోపలికి వెళ్ళొచ్చు. నేను ఆ పదో మనిషిని అనుకోవడంలో తప్పేముంది? తొమ్మిది మందీ అలాగే అనుకున్నారు. సెబీ అంకెల్లో నాకు అన్నిటికన్నా భారంగా అనిపించేది ఒకటుంది. వరసగా రెండేళ్ళు నష్టపోయినవాళ్ళలో నూటికి 75 మందికి పైగా మూడో ఏడూ ట్రేడింగ్ ఆపలేదు. దురాశ అని తిట్టడం తేలిక. ఆ ఇంట్లో కూర్చుని చూస్తే వేరుగా కనిపిస్తుంది. పోయినదాన్ని ఎవరికీ చెప్పకుండా తిరిగి తెచ్చి పెట్టేయాలన్న సిగ్గు వాళ్ళని ఆపనివ్వలేదు. రికవరీ అన్న మాట వాళ్ళ నోట ఎన్నిసార్లు వస్తుందో విన్నవాళ్ళకి తెలుసు.

మొదట దాచుకున్నది పోయింది. తర్వాత రావులపాలెంలో స్నేహితుడి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. ఆ తర్వాత ఫోన్లో లోన్ యాప్. చివరికి అమ్మ మెడలో గొలుసు, "ఓ నెలలో విడిపించేత్తానమ్మా" అని. ఆమె ఎందుకని అడగలేదు, తీసి చేతిలో పెట్టింది. ఏడు శనివారాలు వాడపల్లి వెంకన్న చుట్టూ ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుంది. శనివారం మార్కెట్‌కి సెలవు. కొడుకే బండి మీద తీసుకెళ్ళేవాడు. ఆ మొక్కు తన ఉద్యోగం కోసమనే అతను అనుకున్నాడు.

సాయంత్రం మూడున్నర దాటితే ఆమె అడిగే ప్రశ్న ఒకటే.

"ఏరా, ఇయ్యాల ఎంతొచ్చింది?"

"గ్రీన్‌లోనే ఉందమ్మా."

2024 సంక్రాంతి జనవరి 15న. కనుమ 16న. ఆ సాయంత్రం ఇంట్లో గారెలు వండుతుండగా హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు త్రైమాసిక ఫలితాలు వచ్చాయి. మదుపరులకు అవి నచ్చలేదు. మర్నాడు ముక్కనుమ, బుధవారం, బ్యాంక్ నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ. పొద్దున్న తొమ్మిదింపావుకి సూచీ పదిహేను వందల పాయింట్లకు పైగా కిందికి తెరుచుకుంది, 46,574 దగ్గర. వెంటనే పైకి లేవడం మొదలెట్టింది. ఇంత పడినది లేస్తుంది అని టెలిగ్రామ్‌లో అందరూ అంటున్నారు. స్క్రీన్ మీద ఆకుపచ్చ క్యాండిల్ కనిపిస్తూనే ఉంది. కుర్రాడు సూచీ పెరుగుతుందని కాసే ఆప్షన్, 47,000 కాల్, పది లాట్లు కొన్నాడు. 30 వేలు. గొలుసు మీద తెచ్చినదాంట్లో మిగిలినదాని నుంచే. కాసేపట్లోనే తొమ్మిది వేల లాభం కనబడింది. అమ్మలేదు. ఇవాళ్టితో గొలుసు విడిపించేయాలి అనుకున్నాడు. మధ్యాహ్నం నుంచి సూచీ మళ్ళీ కూలడం మొదలైంది. ప్రీమియం 60కి పడితే, యావరేజ్ చేద్దామని మరో పది లాట్లు కొన్నాడు, ఇంకో తొమ్మిది వేలు. సాయంత్రానికి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు షేరు 8 శాతానికి పైగా పడింది. బ్యాంక్ నిఫ్టీ ఆ ఒక్కరోజే రెండు వేల పాయింట్లకు పైగా పోగొట్టుకుంది. 47,000 కాల్ విలువ సున్నా. ముప్ఫై తొమ్మిది వేలు ముక్కనుమ నాడు పోయాయి. అన్నీ కలిపి చూసుకుంటే మూడేళ్ళలో 2 లక్షలు. సెబీ చెప్పిన సగటు మనిషి సరిగ్గా అంతే పోగొట్టుకున్నాడు. నాలుగు లక్షల మంది తలకి సగటున 28 లక్షలు పోగొట్టుకున్నారని అదే నివేదిక చెబుతోంది. ఆ ఇళ్ళ సంగతి తలుచుకోవడానికే నాకు ధైర్యం చాలడం లేదు.

ఆ రాత్రి అతను తనను తానే తిట్టుకున్నాడు. లాభం ఉన్నప్పుడు అమ్మి ఉంటే, స్టాప్‌లాస్ పెట్టుకుని ఉంటే, ఆశపడకుండా ఉంటే. యూట్యూబ్ గురువులు నేర్పింది కూడా అదే కదా. నష్టమొస్తే నీ క్రమశిక్షణ లోపం, నీ మనసు బలహీనత.

ఆ ఉదయం సూచీని పైకి లేపిన చెయ్యి ఎవరిదని సెబీ ఆరోపించిందో బయటపడడానికి ఏడాదిన్నర పట్టింది. 2025 జూలై 3న సెబీ మధ్యంతర ఉత్తర్వు వెలువడింది. అందులో 2024 జనవరి 17 గురించి విడిగా రాశారు. అమెరికా ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ ఆ ఉదయం బ్యాంక్ నిఫ్టీలోని షేర్లు, ఫ్యూచర్లు కలిపి 4,370 కోట్ల విలువైనవి కొని సూచీని పట్టి నిలిపిందని సెబీ అంటుంది. అదే సమయంలో ఆప్షన్లలో అంతకు ఎన్నో రెట్ల విలువకు పతనం మీద పందెం కాసిందని, అంటే కాల్స్ అమ్మి పుట్స్ కొన్నదని, మధ్యాహ్నం ఆ షేర్లన్నీ తిరిగి అమ్మేసిందని చెబుతుంది. షేర్లు, ఫ్యూచర్లలో ఆ రోజు నష్టం 61.6 కోట్లు. ఆప్షన్లలో లాభం 734.93 కోట్లు. 2023 జనవరి నుంచి 2025 మార్చి వరకు మన మార్కెట్లో ఆ సంస్థ మొత్తం లాభం 36,502 కోట్లని, అందులో 4,843.57 కోట్లు అక్రమమని లెక్కగట్టి సెబీ ఆ మేరకు జమ చేయమంది. జేన్ స్ట్రీట్ ఆ డబ్బు జమ చేసింది, ఆరోపణలను మాత్రం ఒప్పుకోలేదు. తాము చేసింది ధరల తేడాల మీద చేసే మామూలు ఆర్బిట్రేజ్ అని చెప్పి, సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్ళింది. తప్పొప్పులు తేల్చాల్సింది న్యాయస్థానమే. అయినా ఒక్కటి మాత్రం నేను గట్టిగానే అంటాను. అరుగు మీద ఫోన్ పట్టుకున్న కుర్రాడికీ అవతలి పక్కన ఉన్నవాళ్ళకీ మధ్య పోటీ అన్న మాటే చెల్లదు. 2023-24లో ఖర్చులు తీయకముందు వ్యక్తులు పోగొట్టుకున్నది 61 వేల కోట్ల పైనే. అదే ఏడు సొంత డబ్బుతో ఆడే ట్రేడింగ్ సంస్థలకు 33 వేల కోట్లు, విదేశీ సంస్థలకు 28 వేల కోట్లు లాభం. ఆ లాభాల్లో 96, 97 శాతం మనిషి చెయ్యి తగలని ఆల్గోరిథమ్‌లవి. కుర్రాడు నోట్‌బుక్‌లో రాసుకున్న క్రమశిక్షణ సూత్రాలు వాటి ముందు ఎందుకూ పనికిరావు. అతను తిట్టుకోవాల్సినంతగా తప్పు చేయలేదని అతనికి చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఇన్ని మాటలు రాస్తున్నాను.

ఆ తర్వాత నిబంధనలు మారాయి. 2024 నవంబరు 13తో బ్యాంక్ నిఫ్టీ వారపు ఎక్స్‌పైరీ ఆగిపోయింది. కాంట్రాక్టు కనీస విలువ 15 లక్షలకు పెరిగింది. ఎస్టీటీ పెరిగింది. ఇన్ని చేసినా 2024-25లో ఖర్చులతో కలిపి వ్యక్తుల నష్టం, అంతకు ముందటి ఏడాది ఉన్న 74,812 కోట్ల నుంచి 1,05,603 కోట్లకు చేరింది. నష్టపోయినవాళ్ళు 91 శాతం.

కుర్రాడు ఆపేశాడు. విషయం ఇంట్లో తెలిసిన రోజు నాన్న మాట్లాడలేదు, పెదనాన్న కూడా ఎత్తిపొడవలేదు. అమ్మ ఒక్కటే అడిగింది, "ఇంకెవరికైనా ఇవ్వాలా?" అని. రెండు అరటి గెలలు కొట్టే వేళయ్యింది, వాటి డబ్బు లోన్ యాప్‌కి పోయింది. ఇప్పుడు అతను అమ్మ తీసిన రేకులు, పక్కింటివాళ్ళ రేకులు పోగేసి, నెయ్యి, బెల్లం పెట్టి చుట్టించి, హైదరాబాదుకీ బెంగళూరుకీ కొరియర్ చేస్తున్నాడు. పెట్టెకింత అని మిగులుతోంది. గొలుసు ఇంకా విడిపించలేదు.

వ్యాపారం కాస్త నిలబడ్డాక లెక్కలు చూపించడానికి రావులపాలెంలో ఆడిటర్ గారి దగ్గరకు వెళ్ళాడు. ఆయన పాత బ్రోకర్ స్టేట్‌మెంట్లు తెప్పించి చూశాడు.

"ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని చట్టం వ్యాపార నష్టం కిందే చూస్తుంది బాబూ. ఎనిమిదేళ్ళ దాకా ముందుకు తీసుకెళ్ళి, నీ పూతరేకుల లాభంలోంచి తీసేసుకోవచ్చు. నష్టం వచ్చిన ఏడు రిటర్ను వేశావా?"

"నష్టానికి రిటర్నెందుకని వేయలేదండీ."

"గడువులోగా వేసినవాళ్ళకే ఆ సదుపాయం" అన్నాడాయన. 2023-24 నష్టానికి ఆ గడువు 2024 జూలై 31తో అయిపోయింది.